జడ్జిగారి మెప్పు

మావోరీలుండే వైకోరెరె లోయలో చావు జరిగినా పెళ్ళి జరిగినా కబురు ముందు వెళ్ళేది వంటశాలకి. పోయినవాడి గొప్పతనం గురించి ఎవరు ముందు మాట్లాడాలో, ఎవరు వెనక మాట్లాడాలో పెద్దమనుషులు తేల్చుకునే లోపల పిరిహీరా ఎన్ని గొర్రెలు కొయ్యాలో, ఎన్ని బుట్టల చిలగడదుంపలు తవ్వాలో తేల్చేస్తుంది. మాటలు తక్కువైన చావు ఎవరికీ గుర్తుండదు. దుంపలు తక్కువైన చావు గురించి మాత్రం తరతరాలు చెప్పుకుంటారు.

ఆమెకి అరవై దాటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. చిన్నప్పుడే బడి మానేసి, గొర్రెల బొచ్చు కత్తిరించే ముఠాలకి వంట చేస్తూ దక్షిణ దీవంతా తిరిగింది. ఆ తర్వాత పట్నంలో మాంసం కర్మాగారంలో చేరింది. అక్కడే ఒక ట్రక్కు డ్రైవర్ని పెళ్ళాడింది. మంచివాడే, కానీ గుండె మంచిది కాదు, తొందరగా పోయాడు. పిల్లల్లేరు. కర్మాగారం మూతపడ్డ ఏడు తోటివాళ్ళంతా ఆస్ట్రేలియా దారి పట్టారు. ఆమె లోయ దారి పట్టింది. ఎందుకొచ్చావని అడిగితే, "మా అన్న పోయాక దుంపల పని చూసేవాళ్ళు లేరు" అంటుంది. పుట్టిన నేల, పూర్వీకుల పిలుపు లాంటి మాటలు ఆమె నోట రావు. అవి రేడియోలో మాట్లాడేవాళ్ళ మాటలు.

దుంపలు పండేది మహానా గట్టు మీద. మహానా అంటే వెచ్చనిది. పొద్దు పొడిచింది మొదలు కుంగేదాకా ఎండ దాని మీదే ఉంటుంది. లోయంతా మంచు పరుచుకున్న తెల్లవారుజామున కూడా ఆ ఏటవాలు మాత్రం పచ్చగా, పొగలు కక్కుతూ కనబడుతుంది. ఎప్పటివాళ్ళో ఏటి ఒడ్డున ఇసుక, గులకరాళ్ళు బుట్టలకెత్తి మోసుకొచ్చి ఆ మట్టిలో కలిపారు. అందుకే నేల గుల్లగా ఉంటుంది, వేడి పట్టి ఉంచుతుంది. వసంతంలో నారు పెట్టడం, వేరు కొస తూర్పుకి వంచి నాటడం, కలుపు తియ్యడం, ఆకు పండాక తవ్వడం, దెబ్బ తగిలిన దుంపని వేరు చేసి మంచివాటిని కొట్టులో దాచడం: ఏడాదంతా పిరిహీరాకి ఇదే పంచాంగం. పండినదాన్లో ఆమె ఇంటికి వెళ్ళేది ఒక మూల. మిగతాదంతా మరాయే వంటశాలకే. అంటే ఊరందరి సభామందిరం, ముంగిలి, భోజనశాల ఉన్న చోటికి, వచ్చేపోయే చుట్టాల కడుపుల్లోకి.

ఇంతా చేస్తే ఆ గట్టు కాగితం మీద ఆమెది కాదు. ఆమె తాతది కూడా కాదు. ఇందులో రహస్యమేమీ లేదు. లోయలో పసిపిల్లల్ని లేపి అడిగినా చెబుతారు.

తాత పేరు పరతెనె. ఆయన తమ్ముడు రాపాటా. ఒకే కంచం, ఒకే మంచం అన్నట్టు పెరిగారు. అన్న చేతల మనిషి, తమ్ముడు మాటల మనిషి. అన్న తవ్వేవాడు, తమ్ముడు ముంగిట్లో నిలబడి ఆ దుంపల గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. ఏ ఊళ్ళోనైనా పని ఇలాగే పంచుకుంటారు. లెక్క రాసుకునేవాళ్ళకి మాత్రం రెండోవాడే కనబడతాడు.

పిరిహీరాకి ఐదేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. శవాన్ని ముంగిట్లో పందిరి కింద ఉంచారు. సరిగ్గా అప్పుడే భూమి కోర్టు లోయకి వచ్చింది. ఎప్పుడో వేసిన తేదీ. కోర్టంటే ఏమీ లేదు, మరాయే పక్కన బడి గది, ఒక బల్ల, ఒక గుమాస్తా, జడ్జి వెథరాల్ గారు. జడ్జిగారు పాకెహా, అంటే తెల్లవాడు, అయినా మర్యాద తెలిసినవాడు. చావుందని తెలిసి ముందు ముంగిట్లోకే వచ్చారు. టోపీ తీసి, శవం ముందు తల వంచి, వచ్చీరాని మావోరీలో నాలుగు మాటలు చెప్పారు. ఆ పైన, "వాయిదా వెయ్యమంటారా?" అని అడిగారు. గుమ్మంలోకొచ్చిన అతిథిని పని కాకుండా పంపించెయ్యడం ఊరికి తలవంపులు. "అక్కర్లేదు, తమరి పని కానివ్వండి" అన్నాడు రాపాటా.

పరతెనె ఏమీ అనలేదు. అనకూడదు. శవాన్ని అంటిపెట్టుకుని కూర్చున్న దగ్గరివాళ్ళని మావోరీ భాషలో 'చావు చర్మం' అంటారు. పాతిపెట్టేదాకా వాళ్ళూ సగం చచ్చినవాళ్ళ కిందే లెక్క. నెత్తిన ఆకుల దండ, పగలు పస్తు, నోటికి తాళం. పరామర్శకొచ్చినవాళ్ళకి జవాబు చెప్పాలన్నా, అప్పుతీర్చమని వచ్చినవాడికి సర్ది చెప్పాలన్నా వాళ్ళ తరఫున మిగతా చుట్టాలే మాట్లాడాలి. పరతెనె తరఫున మాట్లాడవలసిన చుట్టం ఎవరు? తమ్ముడు రాపాటా. బడి గదిలో మహానా గట్టు తన పేర రాయమని అడుగుతున్నది ఎవరు? తమ్ముడు రాపాటా.

రాపాటా దొంగ కాదు. వాటాలు ముక్కలు ముక్కలై చివరికి సమాధికి కూడా చోటు మిగలని కుటుంబాల్ని ఆయన చూశాడు. ఒక్క పేరు మీద ఉంటే నేల నిలుస్తుందనుకున్నాడు. "కాగితం నా పేర, గట్టు అన్న పేర. నాలిక ఉన్నంతకాలం ఇదే నా మాట" అన్నాడు, అందరి ముందూ. గుమాస్తా పరతెనె పేరు పిలిచాడు. పిలిస్తే వెళ్ళకపోవడం అమర్యాద. వెళ్ళి మాట్లాడడం అంతకంటే తప్పు. ఆయన లేచి, ఆకుల దండతోనే నడిచి వెళ్ళి, బడి గుమ్మంలో నిలబడ్డాడు. నోరు విప్పలేదు. కాసేపుండి, తిరిగి వచ్చి పెళ్ళాం తల దగ్గర కూర్చున్నాడు. 'హాజరు. అభ్యంతరం లేదు' అని దస్త్రంలో పడింది.

పాతిపెట్టాకైనా వెళ్ళి అడగొచ్చుగా అంటారు ఇప్పటి పిల్లలు. ఎవరి మీద ఫిర్యాదు చేస్తాడు? రాపాటా ఇచ్చిన మాట తప్పలేదు. ఆయన కొడుకూ తప్పలేదు. మాటకి ఆయుష్షు అంతవరకే. ఆ తర్వాతి తరానికి కావలసింది సంతకం.

ఆ తరంవాడు తూరేయ్, రాపాటా మనవడు, ఆయన వారసులంతా ఉన్న భూమి యజమానుల కమిటీకి అధ్యక్షుడు. యాభై దాటినా పిరిహీరాకి కుర్రాడే. ఒక సాయంత్రం చేపల సంచీ పట్టుకుని ఆమె గుమ్మంలోకొచ్చాడు.

"అక్కా, చేపలు తెచ్చాను."

"నువ్వు చేపలు తెచ్చావంటే చెడ్డ కబురే. అక్కడ పెట్టి అదేదో చెప్పి ఏడువు."

తూరేయ్ సంచీని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "అవకాడో కంపెనీవాడు ఒప్పుకున్నాడు. కింద మైదానమంతా కౌలుకి తీసుకుంటాడు. మహానా కూడా."

"మహానా ఎందుకు? మైదానం చాలదా వాడికి?"

"గట్టు లేకపోతే మిగతాదీ వద్దంటున్నాడక్కా. ఎండంతా అక్కడే ఉందంటాడు."

"ఆ సంగతి నా ముత్తాతల ముత్తాతలకి తెలుసురా. దానికి కంపెనీవాడు దిగిరావాలా?"

"సభామందిరం కప్పు కారుతోంది. పిల్లలకి పనుల్లేవు. నా తమ్ముడి కొడుకు మొన్న పెర్త్ వెళ్ళిపోయాడు. నేనేం చెయ్యను చెప్పు? సిడ్నీలో ఉన్నవాళ్ళు, బ్రిస్బేన్‌లో ఉన్నవాళ్ళు, గట్టు ఎటుందో తెలియనివాళ్ళు, అందరికీ చెయ్యెత్తే హక్కుంది. వాళ్ళంతా సరే అంటున్నారు. ఈ పంట నువ్వు తవ్వుకో. ఆ తర్వాత..."

"ఆ తర్వాత?"

తూరేయ్ చేపల్ని అరుగు మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె వాటిని కోపంగా కడిగి, కోపంగా వేయించింది. బాగానే కుదిరాయి.

ఆ దిగుల్లో ఉండగా ఒక ఆశ పుట్టింది. జడ్జి వెథరాల్ గారు పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆయన కూతురు రోజలిండ్ ఇల్లు ఖాళీ చేస్తూ, తండ్రి స్వంత కాగితాలన్నీ రాజధానిలో పెద్ద గ్రంథాలయానికి ఇచ్చింది. 'మావోరీ భూములు, నాయకత్వం' అని వాటికి పేరు పెట్టి, పెట్టెల్లో సర్ది, చలువ గదిలో పెట్టారు. వైకోరెరె గురించి రాసిన పుటలకి నకళ్ళు తీయించి, స్వయంగా తెచ్చి ఊరికి అప్పగిస్తానని ఆమె కబురు పంపింది.

పిరిహీరా వదిన మాకెరె, అంటే పోయిన అన్న పెళ్ళాం, వంటశాలలో ఆమెకి కుడిచెయ్యి. నోరు మాత్రం ఎవరి చేతికీ చిక్కదు. "ఏమే పిరీ, ఆ ముసలాయన ఆ రోజు సంగతి రాసుంటాడంటావా?"

"రాసుంటాడు వదినా. శవం ముందు తల వంచి నిలబడ్డ మనిషి. తాత ఎందుకు మాట్లాడలేదో తెలియకుండా ఉంటుందా? తెలిసిందని ఆయన చేత్తోనే రాసుంటే, చాలు."

"చాలా? పాకెహా రాస్తే పాకెహా వింటాడంటావు."

"మనం అరవై ఏళ్ళు చెప్పాం, వినలేదుగా. చూద్దాం."

రోజలిండ్ వచ్చిన రోజు ఎండగా ఉంది. డెబ్బై దాటిన సన్నటి మనిషి, నీలం మెడగుడ్డ, చేతిలో కవరు. పద్ధతి ప్రకారం పిలుపులు, ఉపన్యాసాలు, పాటలు అయ్యాయి. వంటశాలలో దుంపల చెక్కు తీస్తున్న పిరిహీరా, ఆమె చదవడం మొదలెట్టిందని తెలియగానే కత్తి కింద పెట్టి, ముంగిలి చివర గోడవార నిలబడింది. మాకెరె తడి చేతులు తుడుచుకుంటూ వెనకే వచ్చింది.

రోజలిండ్ బాగా చదివింది.

'గుమ్మంలో నిలిచిన ఆ వృద్ధుని శిరస్సున పచ్చని ఆకులున్నాయి. దుఃఖంలో ఉన్నవాడు పలకరాదని వారి ఆచారం. ఆ సంగతి నేనెరుగుదును. మరునాడు రమ్మనవచ్చును. కానీ ఆ మహామౌనాన్ని ఒక గుమాస్తా ప్రశ్నతో భంగపరచడానికి నాకు మనస్కరించలేదు. నేలను వదులుకొని ఆచారాన్ని నిలుపుకున్న ఆ మనిషిలో నాయకత్వమంటే ఏమిటో ఆనాడు చూశాను. ఈ జాతికి నాయకులు లేరనేవారు ఆ గుమ్మం ముందు ఒక్క క్షణం నిలబడి ఉండవలసింది.'

ఆమె కళ్ళు తుడుచుకుంది. మాటకారులు కూర్చునే బల్ల మీద పెద్దమనుషులు తలలూపారు. ఒకాయన "అదీ!" అన్నాడు. ఎవరో పాట ఎత్తుకున్నారు, అందరూ లేచి అందుకున్నారు. నిజంగా మంచి పాట. పరతెనె ఫోటోని లోపల్నించి తెచ్చి రోజలిండ్ చేతికిచ్చారు. ఆమె దాన్ని గుండెకి హత్తుకుంది.

"విన్నావే?" అంది మాకెరె చెవి దగ్గర. "మీ తాత నాయకుడట. మనస్కరించలేదట ఆయనకి. ఇంత మనసున్నవాడు గాబట్టి నేల పోయింది, మనసు లేనివాడైతే మర్నాడు రమ్మనేవాడు."

పిరిహీరా నవ్వలేదు. ఆయనకి తెలుసు అని ఎన్నేళ్ళుగానో అనుకుంటోంది. తెలుసని ఇప్పుడు ఆయనే చెప్పాడు. కానీ ఆ చెప్పడంలో తప్పు చేశానన్న ముక్క లేదు. తన సంస్కారానికి తనే మురిసిపోయిన మనిషి గొంతు ఉంది.

భోజనాలప్పుడు పిరిహీరా మాంసం, దుంపల పళ్ళెం తనే తీసుకెళ్ళి రోజలిండ్ ముందు పెట్టింది. తూరేయ్ పక్కనే కూర్చున్నాడు.

"అమ్మా, పరతెనె మా తాత."

రోజలిండ్ లేచి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నిజంగానా! నాన్నగారు చివరిదాకా ఆయన్ని తలుచుకునేవారండీ. ఆ గుమ్మం గురించి ఎన్నిసార్లు చెప్పారో!"

"మా తాత మాట్లాడకూడదని మీ నాన్నగారికి తెలుసన్నమాట."

"తెలుసండీ. అదే కదా అందులో గొ..." ఆమె ఆగిపోయింది. పట్టుకున్న చేతుల్ని వదల్లేదు, కానీ పట్టు సడలింది.

"అక్కా, కూర చల్లారిపోతోంది" అన్నాడు తూరేయ్ మెల్లిగా.

"చల్లారనీ. అమ్మా, మాట్లాడకూడనివాణ్ణి పిలిచి, మాట్లాడలేదు కాబట్టి అభ్యంతరం లేదని రాశారు. ఆ గట్టు మీద దుంపలే మీ పళ్ళెంలో ఉన్నవి. వచ్చే ఏడు ఉండవు."

రోజలిండ్ పళ్ళెం కేసి చూసింది. తండ్రి కాగితాల్ని ఎన్నిసార్లు చదివి ఉంటుందో, ప్రతిసారీ ఎంత గర్వపడి ఉంటుందో ఆ చూపులోనే తెలిసిపోయింది. "నేను... దాన్ని అలా ఎప్పుడూ చదవలేదు" అంది. తర్వాత, చిన్నపిల్లలా, "నన్నేం చెయ్యమంటారు?" అంది.

అది వెటకారం కాదు. నిజంగానే అడిగింది. జడ్జిగారి ఇంటి మనిషి అలా అడిగితే ఏం చెప్పాలో పిరిహీరా ఒక్కసారైనా ఆలోచించి పెట్టుకోలేదు. ఎదురుతిరిగితే అనడానికి ఆమె దగ్గర బోలెడు మాటలున్నాయి. ఇలా అడిగేసరికి ఒక్కటీ దొరకలేదు.

"తినండమ్మా" అంది చివరికి. "దూరం వెళ్ళాలి."

నకలు తీసుకుని పిరిహీరా పట్నం వెళ్ళింది. మాకెరె మేనకోడలు మిరియామా అక్కడ లాయరు. మందుల షాపు మీద ఆఫీసు. పిల్ల తెలివైనది, లేనిపోని ఆశలు పెట్టదు.

"బాగా రాశాడత్తా ముసలాయన."

"బాగా రాశాడో లేదో అడగడానికి రాలేదు. పనికొస్తుందా?"

"వస్తుంది. వాళ్ళకి."

"వాళ్ళకేంటే?"

మిరియామా కాగితాన్ని ఆమె వైపు తిప్పింది. "చూడు. కోర్టు తప్పు చేసిందని ఒక్క ముక్కైనా ఉందా? లేదు. ఆచారం తెలిసి, కావాలని, గొప్ప మనసుతో తాతగారు నేల వదులుకున్నారని రాశాడు. నాయకుడు కాబట్టి వదులుకున్నాడట. అవతలి లాయరు ఏమంటాడు? 'అయ్యా, జడ్జిగారే స్వయంగా చూసి రాశారు, ఆయన ఇష్టపడే ఇచ్చాడు' అంటాడు. ఇన్నాళ్ళూ మనకెదురుగా ఉన్నది 'అభ్యంతరం లేదు' అన్న రెండు ముక్కలు. ఇప్పుడు దానికి ఇంత మంచి వ్యాఖ్యానం దొరికింది."

"మెచ్చుకుని ముంచాడన్నమాట."

"తెలిసి ముంచలేదులే అత్తా."

"తెలియకపోతే నీళ్ళు ఊపిరాడనిస్తాయా?"

మిరియామా దారి ఒకటుందని చెప్పింది. పాత తీర్పులో పొరపాటు జరిగిందని పెద్ద జడ్జిగారికి అర్జీ పెట్టుకోవచ్చు. కానీ రాపాటా మనవలందరికీ నోటీసులు వెళతాయి. అంటే తూరేయ్‌కి, అతని అక్కచెల్లెళ్ళకి, సిడ్నీవాళ్ళకి. రాపాటా తన అన్న నోరు మూయించి నేల రాయించుకున్నాడని నిండు కోర్టులో చెప్పాలి. "చెబుతావా అత్తా?"

"ఆయన అలా చెయ్యలేదే. అన్నకి మంచే చేస్తున్నాననుకున్నాడు."

"మరి అర్జీలో ఏం రాయను?"

"జరిగింది జరిగినట్టు రాయి."

"జరిగింది జరిగినట్టు రాస్తే ఎవరి తప్పూ లేదత్తా. ఎవరి తప్పూ లేకపోతే కోర్టుకి పని లేదు."

అయినా రాసింది. డబ్బు తీసుకోలేదు. జవాబు రావడానికి వేసవి అంతా పట్టింది. అర్జీ అందింది, వరస ప్రకారం వచ్చే ఏడు వింటాం, ఈలోగా ఇప్పుడున్న యజమానుల హక్కులకి ఏ అడ్డూ లేదు, అని. ఇంగ్లీషులోనూ మావోరీలోనూ రాసి పంపారు, రెండు భాషల్లోనూ చాలా మర్యాదగా.

ఆ మధ్యలోనే ఆకు పండింది. ఆమె, మాకెరె, ఖాళీగా ఉన్న పిల్లలు నలుగురు కలిసి గట్టంతా తవ్వారు. చాలా ఏళ్ళలో అంత మంచి పంట లేదు. ఆ మాట మాకెరె అనబోతే పిరిహీరా చూసిన చూపుకి మళ్ళీ అనలేదు.

తవ్వకం కాగానే యజమానుల సభ పెట్టారు, సభామందిరంలో, గోడల నిండా పోయినవాళ్ళ ఫోటోల మధ్య. కప్పు కారుతున్న చోట బకెట్ పెట్టి ఉంది. సిడ్నీ, బ్రిస్బేన్ ముఖాలు తెర మీద. పిరిహీరా యజమాని కాదు, చెయ్యెత్తే హక్కు లేదు. తూరేయ్ లేచి, "అక్క ఏం చెప్పాలనుకుంటే అది చెప్పనివ్వండి. అడ్డుపడితే నేనూరుకోను" అన్నాడు.

ఆమె చెప్పింది. నాయనమ్మ చావు, బడి గుమ్మం, ఆకుల దండ, ఇద్దరన్నదమ్ముల మాట. మాటకారి కాదు కాబట్టి బాగా చెప్పింది. "మైదానం ఇచ్చెయ్యండి, కప్పు వేయించండి, వద్దనను. గట్టొక్కటి ఉంచండి. నా కోసం కాదు, మీ చావులకి వండిపెట్టాలిగా" అంది. నవ్వారు, ఆ వెనకే ఏడ్చారు. తెర మీద సిడ్నీ ముసలమ్మ ఒకావిడ ముక్కు చీదుకుంది. తూరేయ్ చెల్లెలు వచ్చి ఆమెని కావలించుకుంది. అలవాటు ప్రకారం ఆమె మాటకి తోడుగా అందరూ లేచి పాట పాడారు. పాట అయ్యాక కూర్చుని చేతులెత్తారు. కౌలుకే.

"మా మనసంతా నీ వైపే అత్తా" అన్నాడు తెర మీద ఒక కుర్రాడు. చెయ్యి ఇంకా పైనే ఉంది.

ఎవర్ని తిట్టాలో ఆమెకి అర్థం కాలేదు. అబద్ధం చెప్పినవాడు ఒక్కడైనా ఉంటే బాగుండేది. పిల్లలకి పని కావాలి, నిజం. కప్పు కారుతోంది, అదిగో, బకెట్‌లో చుక్క చప్పుడు వినిపిస్తోంది.

ఆ తర్వాత పెద్దాయన ఒకరు లేచి, జడ్జిగారు పరతెనె గురించి రాసిన పుటకి పటం కట్టించి ఆయన ఫోటో పక్కన పెడదామన్నాడు. పిల్లలకి నాయకత్వం అంటే ఏమిటో తెలుస్తుందట. అందరూ చప్పట్లు కొట్టారు.

"అది వద్దు" అంది పిరిహీరా.

"ఏంటమ్మా, ఊరంతా నీ తాతకి గౌరవం చేస్తుంటే నువ్వు వద్దంటావు? పాకెహా జడ్జి ఇంత మాట రాయడమంటే మాటలా?"

దీనికి ఓటు కూడా అక్కర్లేకపోయింది. మర్నాడే మేకు కొట్టారు.

సంతకాల రోజు కంపెనీవాళ్ళకి భోజనం పెట్టాలి. వచ్చినవాళ్ళు అతిథులు, వండేది ఆమె. వంటశాలకి కబురొచ్చింది, ఆమె వెళ్ళింది. "నువ్వెందుకు చెయ్యాలే? పడుకో ఇంట్లో, జొరమొచ్చిందని చెబుతాను" అంది మాకెరె.

"ఇంట్లో పడుకుంటే ఎవరికి నష్టం? ఆకలితో వెళ్ళారని ఊరికి చెడ్డపేరు."

"ఆచారం అనకు, నాకు ఒళ్ళు మండుతుంది."

"అనను. ఆ కుండ ఇటు తే."

కొట్టులో దాచిన దుంపల్లో చావులకి పక్కన పెట్టినవి తియ్యడానికి ఆమెకి మనసొప్పలేదు. మళ్ళీ పంట లేదు. చలికాలం ముందుంది, ముసలివాళ్ళున్నారు. పట్నం నుంచి సంచులు తెప్పించింది. నున్నగా, ఎర్రగా, అన్నీ ఒకే కొలత. కోస్తే లోపల తెల్లగా, నీళ్ళోడుతూ ఉన్నాయి. ఉడికించి, వెన్న వేసి, ఉప్పు కాస్త ఎక్కువ వేసి పంపింది.

గిన్నెలు తోముతుంటే తూరేయ్ వంటశాలలోకొచ్చాడు. మంచి కోటు, చెమట. "అక్కా, ఒకటి మాట్లాడాను. పంపు షెడ్డు వెనక కొంచెం నేల వదిలేస్తామన్నారు. నీకే."

"అక్కడ ఎండ రాదురా."

"పొద్దున కాసేపు వస్తుంది."

"ఆ కాసేపుకి ముల్లంగి వస్తుంది. దుంప రాదు."

అతను అక్కడే నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆమెకి వాడి మీద జాలేసింది. అదే అన్నిటికంటే కష్టంగా ఉంది. "వెళ్ళు, అతిథులున్నారు" అంది.

భోజనాలయ్యాక ఎప్పటిలాగే వండినవాళ్ళని బయటికి పిలిచారు. తడి ఏప్రాన్లతో వరసగా నిలబడ్డారు, అతిథులు వాళ్ళకి ధన్యవాదాలు చెప్పి పాట పాడారు. కంపెనీ పెద్దాయన ఎర్రటి ముఖంతో, మనస్ఫూర్తిగా, "ఈ చిలగడదుంపల రుచి నేనెక్కడా చూడలేదు. ఈ గట్టు మీదవే కదా? మట్టి మహిమ తెలిసిపోతోంది" అన్నాడు.

"ఒక మాట చెప్పక్కా" అన్నాడు తూరేయ్.

పిరిహీరా ముందుకొచ్చింది. "ఇవి మహానా దుంపలు కావు. పట్నంలో కొన్నవి."

కంపెనీ పెద్దాయన బల్ల చరిచి నవ్వాడు. ఆయన నవ్వేసరికి పక్కవాళ్ళు నవ్వారు, మాటకారి పెద్దలు నవ్వారు, భోజనశాలంతా నవ్వింది. "ఎంత హాస్యమండీ మీ వంటావిడది!" అన్నాడాయన తూరేయ్ భుజం తడుతూ.

"నిజంగానే కొన్నవి" అంది ఆమె మళ్ళీ, కొంచెం గట్టిగా.

ఇంకా నవ్వారు. మాకెరె ఆమె మోచెయ్యి పట్టుకుంది. బల్లల మీద ఎంగిలి పళ్ళేలు అలాగే ఉన్నాయి. పిరిహీరా చేతికందిన పళ్ళేన్ని తీసుకుంది, దాని మీద ఇంకోదాన్ని పెట్టింది, వంటశాలలోకి నడిచింది.